జాబితా సరిచూసిన వారం

సంతకాలు నాలుగు వేల మూడువందల పన్నెండు.
మూడు రిజిస్టర్లు, ఒకదానికి అట్ట ఊడిపోయింది.
"వీళ్ళలో మనవాళ్ళెంతమందో నువ్వే తేల్చాలి"
అన్నాడు వేదిక కార్యదర్శి గొంప సన్యాసినాయుడు,
"సబ్బుల కంపెనీకి సర్వేలు చేసినోడివి గదా."

నిజమే. ఏ ఇంట్లో ఏ సబ్బు ఎన్నాళ్ళకి అరుగుతుందో
పదకొండేళ్ళు అడిగాను.
బొగ్గుపొడి గురించి అడగడం ఇదే మొదలు.

సోమవారం కోట వీధి. మంగళవారం జ్ఞానాపురం.
కాన్వెంట్ జంక్షన్లో లారీలు కదిలేదాకా
స్కూటరు మీదే కూర్చుని పేజీలు తిప్పాను.
మొదటి రిజిస్టర్లో ముప్పై ఆరు పేర్లు ఒకే చేతిరాత.
ఒక పేరుకెదురుగా ఫోన్ నంబరు బదులు పాల లెక్క.
చనిపోయినవాళ్ళు పంతొమ్మిది మంది,
వాళ్ళలో ఇద్దరికి మొన్న కూడా మెసేజీ వెళ్ళింది:
రేపు ఉదయం పది గంటలకి తప్పక రండి.

ఎవరూ మొహం మీద తలుపు వెయ్యలేదు,
ఆ సంగతి ముందే రాసుకున్నాను.
మంచినీళ్ళిచ్చారు,
కడిగిన గ్లాసే అయినా నా ఎదురుగా మళ్ళీ తొలిచి.
"సంతకం ఎట్టినాం గదా బావూ, తరవాత ఏటైంది?"
అని అడిగినవాళ్ళు రెండువందల ఆరుగురు.
ఆ ప్రశ్నకి నా ఫారంలో గడి లేదు.
కాగితం అంచున గీతలు గీసుకుంటూ పోయాను,
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.
సాయంత్రానికి ఆ అంచు కంచెలా తయారైంది.

ఒక పంతులుగారు గేటు దగ్గరే నిలబెట్టి
మూడేళ్ళలో మన కరపత్రాల్లో
దొర్లిన తప్పులన్నీ అప్పజెప్పాడు.
అంటే అన్నీ చదివాడన్నమాట.
ఆయన పేరు పక్కన నక్షత్రం పెట్టాను.
ఒక కుర్రాడు, పేరు డేవిడ్ ప్రసన్న,
"ధర్నాకి పిలుస్తారు, నినాదం వాళ్ళే ఇస్తారు,
జెండా కర్ర కూడా వాళ్ళే ఇస్తారు,
మరి నేనెందుకు?" అన్నాడు.
ఏం చెప్పాలో తెలీక
వీధి చివర కుళాయి వంక చూశాను.

గురువారం పారమ్మ కనిపించింది.
జాబితాలో లేదు.
వేపచెట్టు నీడ చాలని మూల మీద ఇస్త్రీ బండి,
బండి లోపలి చెక్కకి మూడు క్యాలెండర్లు,
బంగారం కొట్టువాళ్ళు ఏటేటా ఇచ్చినవి.
తారీకుల మీద బొగ్గు చుక్కలు.
కొన్ని రోజులకి ఒకటి, కొన్నిటికి ఏడు,
ఒక మార్చి నెల మొత్తం మసూచి పోసినట్టుంది.

"పడమటి గాలి తిరిగిందంటే
ఉతికారేసిన తెల్లచొక్కా మళ్ళీ ఉతకాలి.
చొక్కాకొక చుక్క.
రెండో ఉతుకుడికి ఎవులు డబ్బులిత్తారు?"
"మరి సంతకానికి రాలేదా అమ్మా?"
"వచ్చినారు.
రాయడం రాదంటే ఒగ్గీసి ఎలిపోనారు."

పెట్టె కింద బొగ్గులు విసురుతూనే ఉంది.
నేను చుక్కలు లెక్కపెట్టడం మొదలెట్టి
రెండో ఏడాది జూన్ దగ్గర తప్పిపోయి
మళ్ళీ జనవరి నుంచి మొదలెట్టాను.

ఆదివారం పూర్ణా మార్కెట్ దగ్గర,
రేడియో రిపేరు షాపు పైగదిలో సమావేశం.
తొమ్మిది కుర్చీలు, ఆరుగురు మనుషులు.
"నిఖార్సయినవాళ్ళు ఎంత శాతం, ఒక్క ముక్కలో చెప్పు"
అన్నాడు కోశాధికారి.
శాతం రాసుకొచ్చాను కూడా, జేబులో ఉంది.
తియ్యబుద్ధి కాలేదు.
"వేలిముద్ర అడిగాం, చెయ్యి అడగలేదు"
అందామనుకున్నాను,
మరీ ఉపన్యాసంలా ఉంటుందని ఊరుకుని
క్యాలెండర్ సంగతి చెప్పాను.
చుక్కలు పదహారువందల నలభై.
నా లెక్కలో పది అటూ ఇటూ.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.
కింద ఎవరో ట్రాన్సిస్టర్ ముల్లు తిప్పుతున్నారు,
స్టేషను దొరకడం లేదు.

సన్యాసినాయుడు కళ్ళజోడు తీసి
చొక్కా అంచుతో తుడిచి, ఆ అంచు చూసుకుని,
"ఆవిడ బండి ఎన్నింటికి తీస్తాది?" అన్నాడు.

ఆరింటికి, అన్నాను.
లారీలు కదలకముందే.